కాంటా గదుల దాకా ఇమేజ్‌లు: హనుమకొండ కంపెనీకి సొంత కంటెయినర్ రిజిస్ట్రీ

క్లయింట్ హనుమకొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. జిన్నింగ్ మిల్లులకు, ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న అడ్తీ (కమీషన్) దుకాణాలకు కాంటా సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తారు. పత్తి బండి వే బ్రిడ్జి ఎక్కగానే తూకం సీరియల్ కేబుల్ మీదుగా కాంటా గదిలోని మినీ పీసీకి వస్తుంది. గుమస్తా తేమ శాతం, రేటు కొడతాడు, తక్‌పట్టీ (అమ్మకం చీటీ) ప్రింటవుతుంది. ఆ మినీ పీసీలో నడిచేదంతా డాకర్ కంపోజే (ఒక్కో ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి కట్టి ‘కంటెయినర్’గా నడిపే పద్ధతి): పైథాన్ అప్లికేషన్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ప్రింటర్ సర్వీస్. జమ్మికుంట, పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు మిల్లుల్లో ఇలాంటి పెట్టెలు పెట్టారు. చాలాచోట్ల నెట్ అంటే సిమ్ రౌటరే.

వాళ్లు నన్ను పిలిచింది రెండు తలనొప్పుల మీద. ఆఫీసులో బిల్డ్‌లు (కోడ్‌ని ఇమేజ్‌గా, అంటే కంటెయినర్ నడవడానికి కావాల్సిన ప్యాకేజీగా కట్టడం) మధ్యమధ్యలో ‘టూ మెనీ రిక్వెస్ట్స్’ అని ఆగిపోతున్నాయి. రెండోది ఇంకా మొరటు సమస్య. కొత్త వెర్షన్ మిల్లుకు చేరాలంటే ఇమేజ్‌ని టార్ ఫైల్‌గా సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఒక కుర్రాడు బండి మీద వెళ్తున్నాడు. సీజన్‌లో పరకాలకు పొద్దున, జమ్మికుంటకు సాయంత్రం. "అన్నా, నేను డెవలపర్నా, కొరియర్ బాయ్‌నా" అని అడిగాడు నన్ను, నవ్వుతూనే.

సొంత రిజిస్ట్రీ, అంటే ఇమేజ్‌లు దాచి పంచే సర్వర్, పెట్టాలని వాళ్లే అనుకున్నారు. అది లేవడానికి పది నిమిషాలు చాలు, ఒక్క కంటెయినర్ అంతే. ఈ పనిలో నా సమయం తిన్నవి వేరే: ఎక్కడ పెట్టాలి, ఎవరికి ఎంత తలుపు తెరవాలి, లేయర్లు (ఇమేజ్‌లోని పొరలు) ఎలా పేర్చాలి, పాతవి ఎలా పారేయాలి. అందుకే ఇన్‌స్టలేషన్ గురించి తక్కువ, వీటి గురించి ఎక్కువ రాస్తున్నాను.

వంద పుల్స్ ఎవరు వాడేశారు

డాకర్ హబ్ (డాకర్ కంపెనీ నడిపే పబ్లిక్ రిజిస్ట్రీ) 2020 నవంబర్‌లో పుల్స్ (ఇమేజ్‌లు దించుకోవడం) మీద పరిమితి పెట్టింది: లాగిన్ లేకుండా అయితే ఆరు గంటలకు 100, ఉచిత ఖాతాతో లాగిన్ అయితే 200. ఈ ఆఫీసులో బిల్డ్‌లు అన్ని లేవు. మరి వంద ఎలా నిండింది?

దీన్ని ఊహించక్కర్లేదు, కొలవొచ్చు. ఈ పనికోసమే డాకర్ వాళ్లు ‘రేట్‌లిమిట్‌ప్రివ్యూ’ పేరుతో ఒక టెస్ట్ ఇమేజ్ ఉంచారు. టోకెన్ తీసుకుని దాని మానిఫెస్ట్‌కి (ఇమేజ్‌లో ఏ లేయర్లున్నాయో చెప్పే జాబితా) హెడ్ రిక్వెస్ట్ (సరుకు దించకుండా హెడర్లు మాత్రమే అడగడం) పంపితే జవాబు హెడర్లలో మొత్తం కోటా, మిగిలిన కోటా కనిపిస్తాయి. హెడ్ రిక్వెస్ట్ పుల్ కింద లెక్కకు రాదు కాబట్టి ఎన్నిసార్లు చూసినా నష్టం లేదు. కోటా హెడర్‌లో వందతో పాటు ‘21600’ అని ఉంటుంది, అది సెకన్లలో ఆరు గంటలు. ఇంకో హెడర్‌లో ఈ లెక్క ఏ ఐపీ మీద నడుస్తోందో ఉంటుంది. మాకు సమాధానం దొరికింది అక్కడే. అందులోని ఐపీకీ ఆఫీసు రౌటర్ వ్యాన్ (బయటి నెట్) పేజీలో కనిపించే ఐపీకీ పొంతన లేదు. రౌటర్‌లో ఉన్నది 100.64తో మొదలయ్యే చిరునామా. ఆ శ్రేణిని ఇంటర్నెట్ కంపెనీలు తమ లోపలి నాట్ (ఒక ఐపీని ఎందరికో పంచే ఏర్పాటు) కోసం వాడుకుంటాయి. అంటే ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఈ ఆఫీసుతో పాటు ఎందరో కస్టమర్లున్నారు, వాళ్లలో ఎవరు డాకర్ వాడినా మన వందలోంచే పోతుంది. ఆఫీసులో పొద్దున అందరికంటే ముందు వచ్చి చేసిన మొదటి పుల్ కూడా ఎందుకు ఆగిందో అప్పుడు అర్థమైంది.

ఈ ఒక్క సంగతి రెండు నిర్ణయాలు చేసేసింది. ఒకటి, ఆఫీసులో ఒక కాష్ (ఒకసారి దించినదాన్ని దాచుకునే నిల్వ) కావాలి. రెండు, ఆఫీసుకు సొంత పబ్లిక్ ఐపీ లేదు కాబట్టి బయటి మిల్లులు నేరుగా ఆఫీసు సర్వర్‌ని చేరలేవు. మిల్లులకు ఇచ్చే రిజిస్ట్రీ ఆఫీసులో ఉండకూడదు.

రెండు చోట్ల, రెండు పనులు

ఓనర్‌గారికి మొదట ఇది నచ్చలేదు. "సర్వర్ మన దగ్గర్నే ఉంది గదా సార్, మల్ల కిరాయికి ఎందుకు?" అన్నారు. వైర్‌గార్డ్ (వీపీఎన్) టన్నెల్ వేసి ఆఫీసు సర్వర్‌నే చూపించవచ్చు, కుదరదని నేను అబద్ధం చెప్పలేదు. కానీ మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేస్తే భూపాలపల్లి మిల్లు అప్‌డేట్ ఆగిపోవాలా? మిల్లు పని హనుమకొండ కరెంటు మీద ఆధారపడకూడదు అన్నాను. ఒప్పుకున్నారు.

చివరికి ఇలా కుదిరింది. ఆఫీసులో ఒక పాత డెస్క్‌టాప్ మీద పుల్-త్రూ కాష్, అది డాకర్ హబ్‌కి అద్దం. కిరాయి వీపీఎస్ (నెట్‌లో అద్దెకు దొరికే సర్వర్) మీద సొంత ఇమేజ్‌ల రిజిస్ట్రీ. రెండూ ఒకే సాఫ్ట్‌వేర్, సీఎన్‌సీఎఫ్ (క్లౌడ్ ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల సంస్థ) వాళ్ల డిస్ట్రిబ్యూషన్. డాకర్ ఒకప్పుడు తన ‘రిజిస్ట్రీ’గా రాసుకున్న ప్రాజెక్టే 2021లో సీఎన్‌సీఎఫ్‌కి ఇచ్చేసింది. రెండు ఇన్‌స్టన్స్‌లు తప్పనిసరి, ఎందుకంటే ప్రాక్సీగా (కాష్‌గా) కాన్ఫిగర్ చేసిన డిస్ట్రిబ్యూషన్‌లోకి పుష్ చేయడం (ఇమేజ్ ఎక్కించడం) కుదరదు. ఒకే దాంట్లో రెండూ చేద్దామని కూర్చునేవాళ్లు ఈ లైను డాక్యుమెంటేషన్‌లో ముందే చదువుకుంటే మంచిది.

హార్బర్ అనే పెద్ద రిజిస్ట్రీ ఎందుకు కాదని డెవలపర్లు అడిగారు. హార్బర్ బాగుంటుంది. ప్రాజెక్టుల వారీగా అనుమతులు, రోబో ఖాతాలు, ట్యాగుల (వెర్షన్ గుర్తుల) రిటెన్షన్ నియమాలు (ఏవి ఎన్నాళ్లు ఉంచాలో), ట్రివీతో భద్రతా లోపాల స్కానింగ్ అన్నీ వెబ్ పేజీ మీదే ఉంటాయి. కానీ దాని వెనక పోస్ట్‌గ్రెస్, రెడిస్, జాబ్ సర్వీస్, ఇంకా నాలుగైదు కంటెయినర్లు నడుస్తాయి. కనీస అవసరమే రెండు సీపీయూలు, నాలుగు జీబీ ర్యామ్, నలభై జీబీ డిస్క్. ఐదారుగురు ఉన్న జట్టులో హార్బర్ అప్‌గ్రేడ్ ఎవరి పని? ఎవరి పనీ కాదు. అలాంటి సర్వర్లు రెండేళ్లు ముట్టుకోకుండా పాతబడిపోవడం చాలా చూశాను. పది జట్లు, నలుగురు కస్టమర్ల కోడ్ వేర్వేరుగా ఉంచాల్సిన చోట అయితే హార్బరే పెట్టేవాణ్ణి. జాట్ అనే ఇంకో రిజిస్ట్రీ ఉంది, ఒక్క బైనరీ, చెత్త తనే ఊడ్చుకుంటుంది, రిటెన్షన్ కూడా కాన్ఫిగ్‌లోనే రాయొచ్చు. ఇక్కడి వాళ్లకు డిస్ట్రిబ్యూషన్ ఇంతకుముందే కాస్త తెలుసు, అంతే, అందుకే దాన్ని ఎంచుకున్నాం.

డిస్ట్రిబ్యూషన్ వెర్షన్ విషయం ఒక్క మాట. 3.0 వచ్చింది 2025 ఏప్రిల్‌లో. అందులో కాన్ఫిగ్ ఫైల్ ఉండే చోటు మారింది, ‘డాకర్ రిజిస్ట్రీ’ ఫోల్డర్ నుంచి ‘డిస్ట్రిబ్యూషన్’ ఫోల్డర్‌కి. నెట్‌లో దొరికే పాత పాఠాలన్నీ పాత చోటే చెబుతాయి. పాత చోట ఫైల్ మౌంట్ చేస్తే ఏ ఎర్రర్ రాదు, మీ సెట్టింగులు చడీచప్పుడు లేకుండా పక్కకు పోతాయి. ట్యాగ్‌లో ‘లేటెస్ట్’ అని రాయకుండా 3 అని రాయండి.

తాళాలు

డాకర్ క్లయింట్ లోకల్‌హోస్ట్‌కి తప్ప మిగతా అన్నిటికీ హెచ్‌టీటీపీఎస్ అడుగుతుంది. డీమన్ డాట్ జేసన్ అనే డాకర్ సెట్టింగుల ఫైల్‌లో ‘ఇన్‌సెక్యూర్ రిజిస్ట్రీస్’ అని ఒక వరస రాస్తే ఆ పట్టింపు పోతుంది, అందుకే అందరూ ముందు దాని మీదికే పోతారు. ఆఫీసు లోపలైనా వద్దన్నాను. ఇవాళ ఆఫీసుకి రాసిన వరస రేపు కాపీ పేస్ట్‌లో మిల్లు మినీ పీసీలోకి కూడా వెళ్తుంది.

వీపీఎస్‌కి లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్ మామూలుగానే వచ్చేసింది. ఆఫీసు కాష్‌కి పబ్లిక్ ఐపీ లేదు కాబట్టి డీఎన్‌ఎస్ ఛాలెంజ్ వాడాం: డొమైన్‌లో ఒక టెక్స్ట్ రికార్డు పెట్టి యాజమాన్యం నిరూపించుకోవడం. కాష్ పేరు డీఎన్‌ఎస్‌లో ఆఫీసు లోపలి 192.168 చిరునామాకి చూపిస్తుంది. ఇక్కడొక చిన్న పితలాటకం: కొన్ని రౌటర్లు బయటి డీఎన్‌ఎస్ నుంచి లోపలి చిరునామా జవాబుగా వస్తే దాడి అనుకుని దాన్ని మింగేస్తాయి. ల్యాప్‌టాప్‌లో పేరు దొరకడం లేదంటే ముందు అది చూడాలి. రౌటర్‌లో ఆ డొమైన్‌కి మినహాయింపు రాస్తే సరిపోయింది.

రిజిస్ట్రీకి ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (వచ్చే రిక్వెస్టుల్ని అందుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్) నిలబెట్టాం. దీంట్లో తెలిసిన గుంటలు మూడున్నాయి. రిక్వెస్ట్ బాడీ పరిమాణం డీఫాల్ట్‌గా ఒక ఎంబీ. చిన్న లేయర్లు ఎక్కుతాయి, పెద్దది రాగానే 413 ఎర్రర్. దాన్ని సున్నా చేస్తే పరిమితి పోతుంది. రిక్వెస్ట్ బఫరింగ్ ఆపకపోతే లేయర్ మొత్తం ముందు ఎన్‌జిన్‌ఎక్స్ తాత్కాలిక ఫోల్డర్‌లోకి, ఆ తర్వాతే రిజిస్ట్రీకి వెళ్తుంది, చిన్న వీపీఎస్ డిస్క్ మీద అది రెండింతల భారం. ఇక ‘ఎక్స్ ఫార్వర్డెడ్ ప్రోటో’ హెడర్ పంపకపోతే, రిజిస్ట్రీ తను హెచ్‌టీటీపీ మీద ఉన్నాననుకుని అప్‌లోడ్ లొకేషన్‌ని అలాగే తిరిగి ఇస్తుంది. లాగిన్ బాగానే అవుతుంది, పుష్ మాత్రం మధ్యలో కూలబడుతుంది.

అసలు చర్చ జరిగింది అనుమతుల మీద. డిస్ట్రిబ్యూషన్‌లో సులువైన లాగిన్ హెచ్‌టీపాస్‌డబ్ల్యూడీ అనే పాస్‌వర్డ్ ఫైల్, అది కూడా బీక్రిప్ట్ హ్యాష్‌లే ఒప్పుకుంటుంది. దాంతో ఒక చిక్కుంది: లాగిన్ అయినవాడు పుల్ చేయగలడు, పుష్ కూడా చేయగలడు. మధ్యలో గీత లేదు. మిల్లు కాంటా గదిలో మినీ పీసీ ఎవరి చేతికైనా దొరికే చోట ఉంటుంది. డాకర్ లాగిన్ చేసిన పాస్‌వర్డ్ యూజర్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్‌లో బేస్64గా ఉంటుంది, అది ఎన్‌క్రిప్షన్ కాదు, చదివే ఓపిక ఉంటే ఎవరైనా చదువుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్‌తో ఎవరో ఒక మార్చిన ఇమేజ్‌ని పుష్ చేస్తే అన్ని మిల్లుల కాంటాలూ అదే తూకం చెబుతాయి. క్వింటాలుకు ఒక కిలో అటూ ఇటూ అయితే గొడవ ఎక్కడి దాకా పోతుందో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

కాబట్టి లాగిన్‌ని రిజిస్ట్రీ చేతిలోంచి తీసి ఎన్‌జిన్‌ఎక్స్‌కి ఇచ్చాం. రిజిస్ట్రీ 127.0.0.1 (అదే యంత్రం లోపలి చిరునామా) మీద మాత్రమే వింటుంది. రెండు పాస్‌వర్డ్ ఫైళ్లు: ఒకటి చదివేవాళ్లది, రెండోది రాసేవాళ్లది. ‘లిమిట్ ఎక్సెప్ట్ గెట్’ అనే బ్లాకులో రెండో ఫైల్‌ని చూపిస్తే చాలు. గెట్ (చదివే రిక్వెస్ట్) ఇస్తే హెడ్ దానంతట అదే వస్తుంది, మిగతా పద్ధతులన్నిటికీ రాసేవాళ్ల ఫైల్‌లో పేరుండాలి. బిల్డ్ సర్వర్ పేరు రెండు ఫైళ్లలోనూ ఉంటుంది. ప్రతి మిల్లుకు వేరే యూజర్. ఏదైనా మిల్లు పెట్టె పోయినా, అమ్ముడైనా ఆ ఒక్క వరస తీసేస్తే సరి, మిగతా వాళ్ల జోలికి పోనక్కర్లేదు.

ఈ పద్ధతిలో ప్రతి మిల్లూ అన్ని ఇమేజ్‌లూ చదవగలదు. ఇక్కడ అందరికీ ఒకే అప్లికేషన్, మిల్లు సెట్టింగులు బయట ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో ఉంటాయి కాబట్టి నడిచింది. కస్టమర్‌కో ఇమేజ్ ఉంటే ఇది సరిపోదు.

సిమ్ రౌటర్ మీద ఒక జీబీ

పెన్‌డ్రైవ్ ప్రయాణాలు ఆగాయి, కానీ రిజిస్ట్రీ పెట్టినందువల్ల మాత్రమే కాదు. మొదట చూసినప్పుడు అప్లికేషన్ ఇమేజ్ ఒక జీబీ దాటి ఉంది. డాకర్ ఫైల్‌లో (బిల్డ్ మెట్లు రాసే ఫైల్) కోడ్ మొత్తం ముందు కాపీ చేసి, ఆ తర్వాత పిప్ (పైథాన్ ప్యాకేజీలు తెచ్చే కమాండ్) ఇన్‌స్టాల్. అంటే రేట్ల పేజీలో ఒక అక్షరం మారినా కాపీ లేయర్ మారుతుంది, దాని మీదున్న పిప్ లేయర్ కొత్తగా పుడుతుంది. రిజిస్ట్రీ దృష్టిలో అది కొత్త లేయర్, కొత్త హ్యాష్ (సరుకు నుంచి లెక్కగట్టే గుర్తు), మళ్లీ మొత్తం దిగుమతి. లేయర్లు పంచుకోవడమే రిజిస్ట్రీతో వచ్చే లాభం, ఈ వరసలో ఆ లాభం గుండుసున్నా.

ఆ వరస మార్చాం: ముందు రిక్వైర్‌మెంట్స్ ఫైల్ (ప్యాకేజీల జాబితా) ఒక్కటే కాపీ, దాని మీద పిప్, అన్నిటికన్నా చివర్లో కోడ్. బేస్ ఇమేజ్‌ని పూర్తి పైథాన్ నుంచి స్లిమ్‌కి మార్చాం. కంపైలర్లన్నీ మొదటి దశలో వదిలేసి రెండో దశకి తయారైన ప్యాకేజీలే తెచ్చాం. దాంతో మామూలు అప్‌డేట్ అంటే కోడ్ లేయర్ మాత్రమే, కొన్ని ఎంబీలు. డాకర్ ఇగ్నోర్ ఫైల్‌లో (ఇమేజ్‌లోకి రాకూడని వాటి జాబితా) గిట్ ఫోల్డర్ రాయలేదని కూడా అప్పుడే బయటపడింది. మిల్లులకు వెళ్తున్న ప్రతి ఇమేజ్‌లో కంపెనీ మొత్తం గిట్ చరిత్ర కూర్చుని ఉంది. సైజు కన్నా అది పెద్ద విషయం. అందులో పాత కమిట్లలో ఒక డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంది కాబట్టి ఆ పాస్‌వర్డ్ మార్చే దాకా మిగతా పని ఆపించాను.

బలహీనమైన లైన్లకు ఇంకో సెట్టింగు. డాకర్ డీఫాల్ట్‌గా మూడు లేయర్లు ఒకేసారి దించుతుంది. సిమ్ రౌటర్ మీద మూడూ ఒకదాని గొంతు ఒకటి పట్టుకుని, మూడూ టైమవుట్ అవుతాయి. డీమన్ డాట్ జేసన్‌లో దాన్ని ఒకటికి దించాం, మళ్లీ ప్రయత్నించే సంఖ్యను ఐదు నుంచి పెంచాం. నర్సంపేట వైపు ఒక మిల్లులో ఈ రెండు వరసలే తేడా తెచ్చాయి.

పోస్ట్‌గ్రెస్ ఇమేజ్‌ని మిల్లులు డాకర్ హబ్ నుంచి తెచ్చుకునేవి. దాన్ని కూడా స్కోపియో అనే కాపీ సాధనంతో మన రిజిస్ట్రీలోకి కాపీ చేసి, కంపోజ్ ఫైల్‌లో మన పేరే రాశాం. సిమ్ కంపెనీలు కూడా ఐపీలు పంచుతాయి, ఆఫీసులో వచ్చిన వంద పుల్స్ గొడవ మిల్లులో కూడా వస్తుంది. ఇప్పుడు మిల్లు పెట్టెకు తెలిసిన రిజిస్ట్రీ ఒక్కటే.

ఆఫీసు కాష్ సంగతి చకచకా చెప్పేస్తాను. డెవలపర్ల యంత్రాల్లో ‘రిజిస్ట్రీ మిర్రర్స్’ కింద దాని పేరు. ఇది డాకర్ హబ్ ఇమేజ్‌లకే పనిచేస్తుంది. క్వే, గిట్‌హబ్ లాంటి వేరే రిజిస్ట్రీల ఇమేజ్‌లు దీని గుండా పోవు. కాష్‌కి కంపెనీ ఉచిత ఖాతా టోకెన్ ఇచ్చాం, లెక్క ఐపీ మీద కాకుండా ఖాతా మీద పడేలా. అలా టోకెన్ ఇచ్చినప్పుడు ఆ ఖాతాకు కనిపించే ప్రైవేట్ ఇమేజ్‌లన్నీ కాష్ వాడే ప్రతివాళ్లకీ కనిపిస్తాయి, కాబట్టి ఆ ఖాతాలో ప్రైవేట్ ఇమేజ్ ఏదీ ఉంచలేదు. కాష్ పడిపోతే డాకర్ నోరు మెదపకుండా నేరుగా హబ్‌కి వెళ్తుంది. పని ఆగదు, మంచిదే, కానీ పడిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. అందుకే దాని మీద ఒక నిఘా స్క్రిప్ట్. కరెంటు వచ్చాక డెస్క్‌టాప్ తనంతట తను లేచేలా బయోస్‌లో సెట్టింగు మార్చాం.

ట్యాగులు, తక్‌పట్టీ అడుగున చిన్న అక్షరాలు

‘లేటెస్ట్’ మిల్లుల్లో నిషేధం. ట్యాగ్ అంటే తేదీ, దాని పక్కన గిట్ కమిట్ మొదటి అక్షరాలు. కంపోజ్ ఫైల్‌లో ట్యాగ్‌తో పాటు డైజెస్ట్ (ఇమేజ్ సరుకు నుంచి లెక్కగట్టిన హ్యాష్) కూడా రాస్తాం. ట్యాగ్‌ని ఎవరైనా వేరే ఇమేజ్ మీదికి తిప్పగలరు, షా256 డైజెస్ట్‌ని తిప్పలేరు.

మిల్లు నుంచి ఫోన్ వచ్చినప్పుడు "ఏ వెర్షన్ నడుస్తున్నది?" అని అడిగితే గుమస్తాకి ఏం తెలుస్తుంది? కాబట్టి ఆ ట్యాగ్‌ని తక్‌పట్టీ అడుగున చిన్న అక్షరాల్లో ప్రింట్ చేయించాం. ఇప్పుడు గుమస్తా చేతిలో ఉన్న కాగితం చూసి చదివేస్తాడు. పాత కాగితం చూపించినా, ఆ రోజు ఏ ఇమేజ్ నడిచిందో తెలిసిపోతుంది. ఈ మొత్తం పనిలో సపోర్ట్ వాళ్లు నాకు చాయ్ తాగించింది దీనికే.

వెనక్కి వెళ్లే దారి కూడా ట్యాగుల మీదే ఉంది. గేటు బయట పత్తి ట్రాక్టర్లు, డీసీఎంలు లైను కట్టినప్పుడు కొత్త వెర్షన్ మొరాయిస్తే పాతది మళ్లీ దించుకునే టైము ఉండదు. మినీ పీసీలో ఇప్పటిదీ, దానికి ముందుదీ రెండూ ఉండేలా చూస్తాం, ప్రూన్ కమాండ్‌ని (వాడని ఇమేజ్‌లు తుడిచేది) రాత్రి క్రాన్‌లో (టైముకు తనంతట నడిచే పనుల జాబితా) గుడ్డిగా పెట్టొద్దని చెప్పాం.

చెత్త

పుష్‌లు మొదలయ్యాక వీపీఎస్ డిస్క్ నిండటం మొదలైంది. ప్రతి కమిట్‌కీ ఒక ఇమేజ్. డెవలపర్ ఒకరు పాత ట్యాగులన్నీ తీసేశారు, డిస్క్ అంగుళం కదల్లేదు. ఓనర్‌గారు గ్రాఫ్ చూసి, "డిలీట్ చేసిండ్రు గదా సార్, మల్ల జాగ ఎందుకు మిగల్లే?" అని అడిగారు. "తక్‌పట్టీ చింపేస్తే గోదాంల బస్తాలు ఖాళీ అయితయా సార్?" అన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది, ట్యాగులు తీసిన ఆ డెవలపర్‌కి అర్థం కావడానికి ఫోల్డర్లు తెరిచి చూపించాల్సి వచ్చింది.

డిస్ట్రిబ్యూషన్ నిల్వ చాలా సూటిగా ఉంటుంది. రెండు ఫోల్డర్లు: బ్లాబ్స్, రిపాజిటరీస్. లేయర్లు, మానిఫెస్టులు, అసలు సరుకంతా బ్లాబ్స్‌లో, ఒక్కోటి తన షా256 పేరుతో. రిపాజిటరీస్‌లో ఉన్నవి ‘లింక్’ అనే చిన్న ఫైళ్లు. ఒకటి తెరిచి చూడండి: ‘షా256’, కోలన్, అరవై నాలుగు అక్షరాలు, మొత్తం 71 బైట్లు, ఇంకేమీ లేదు. మానిఫెస్ట్ తీసేయడమంటే ఈ 71 బైట్ల ఫైళ్లను తీసేయడమే. బ్లాబ్స్ అలాగే పడి ఉంటాయి. గార్బేజ్ కలెక్ట్ కమాండ్ వచ్చి, ఏ మానిఫెస్టూ అడగని బ్లాబ్స్‌ని ఏరి పారేస్తే తప్ప జాగా రాదు. దీనికి ముందు కాన్ఫిగ్‌లో డిలీట్‌కి అనుమతి ఇవ్వాలి, డీఫాల్ట్‌గా అది ఉండదు.

ఇక్కడ నెమ్మదిగా నడవాల్సిన చోట్లు ఉన్నాయి. మానిఫెస్ట్‌ని డైజెస్ట్‌తో తీసేస్తే ఆ డైజెస్ట్ వైపు చూసే ట్యాగులన్నీ పోతాయి. ‘స్టేబుల్’ అనే ట్యాగూ, పాత తేదీ ట్యాగూ ఒకే ఇమేజ్ మీద ఉన్నాయనుకోండి, పాతది అని తేదీ ట్యాగ్‌ని అలా డైజెస్ట్‌తో తీస్తే స్టేబుల్ కూడా దానితో పాటే వెళ్తుంది. మా శుభ్రం చేసే స్క్రిప్ట్ ముందు ఉంచాల్సిన ట్యాగుల డైజెస్ట్‌లన్నీ జాబితా రాసుకుని, ఆ జాబితాలో లేనివే తీస్తుంది. ఆ ఉంచే జాబితాలోకి మిల్లుల్లో ఇప్పుడు నడుస్తున్నవన్నీ వస్తాయి. ప్రతి మినీ పీసీ రోజుకోసారి తన డైజెస్ట్ పంపుతుంది కాబట్టి ఇందులో ఊహ లేదు.

గార్బేజ్ కలెక్షన్ నడిచేటప్పుడు ఎవరూ పుష్ చేయకూడదు. సగం ఎక్కిన ఇమేజ్‌కి ఇంకా మానిఫెస్ట్ లేదు, దాని లేయర్లు చెత్తలా కనిపించి ఊడ్చేస్తుంది. ఆదివారం రాత్రి రిజిస్ట్రీని రీడ్-ఓన్లీలో పెట్టి నడుపుతాం, మిల్లులు పుల్ చేసుకోవచ్చు. ముందు డ్రై రన్ (ఏమీ తీయకుండా ఏవి పోతాయో చూపించడం), ఆ జాబితా ఒక మనిషి చూస్తాడు. అయ్యాక రిజిస్ట్రీని రీస్టార్ట్ చేయాల్సిందే. బ్లాబ్ వివరాలు మెమరీ కాష్‌లో ఉంటే, పారేసిన లేయర్ ఇంకా ఉందనుకుని తర్వాతి పుష్‌లో ‘ఉంది’ అని చెబుతుంది. పుష్ విజయవంతం, పుల్ చేస్తే లేయర్ లేదు. ఈ జాతి తప్పు కనిపెట్టడానికి పూటలు పోతాయి.

ట్యాగ్ లేని మానిఫెస్టుల్ని కూడా తీసేయమనే ఒక జెండా (కమాండ్ ఆప్షన్) ఉంది, ‘డిలీట్ అన్‌ట్యాగ్డ్’. 2వ వెర్షన్లలో దాన్ని ముట్టుకోవద్దు. మల్టీ-ఆర్కిటెక్చర్ (వేర్వేరు ప్రాసెసర్లకు పనికొచ్చే) ఇమేజ్‌లో పైన ఒక ఇండెక్స్, దాని కింద పిల్ల మానిఫెస్టులు ఉంటాయి. ట్యాగ్ ఇండెక్స్‌కే ఉంటుంది, పిల్లలకు ఉండదు. ఆ జెండా పిల్లల్ని అనాథలు అనుకుని పారేస్తుంది. "మాది ఇంటెల్ ఒక్కటే, మల్టీ ఏమీ లేదు" అనుకోవద్దు. డాకర్ బిల్డ్ సాధనం బిల్డ్‌ఎక్స్ 0.10 నుంచి ప్రావెనెన్స్ (ఇమేజ్ ఎలా తయారైందో చెప్పే) సమాచారం డీఫాల్ట్‌గా జోడిస్తోంది, దాని కోసం మీ ఒంటరి ఇమేజ్‌ని కూడా ఇండెక్స్‌లో చుడుతుంది. ఆర్కిటెక్చర్ దగ్గర ‘అన్‌నోన్’ అని కనిపించేది అదే. ఇక్కడ ప్రావెనెన్స్ ఆపేశాం, జెండా జోలికీ పోలేదు.

మధ్యలో తెగిపోయిన అప్‌లోడ్‌లు మాత్రం వాటంతటవే పోతాయి, డీఫాల్ట్‌గా వారం దాటినవాటిని రిజిస్ట్రీ తీసేస్తుంది. కరెంటు పోయే ఆఫీసులో అవి చాలానే పోగవుతాయి.

బ్యాకప్, నిఘా

"ఇమేజ్‌లకు బ్యాకప్ ఎందుకు, గిట్ నుంచి మళ్లీ బిల్డ్ చేసుకోవచ్చు కదా" అనే వాదన వచ్చింది. మళ్లీ బిల్డ్ చేస్తే అలాంటిదే వస్తుంది, అదే రాదు. బేస్ ఇమేజ్ మారి ఉంటుంది, ఏదో ప్యాకేజీ ఒక మెట్టు ఎక్కి ఉంటుంది, డైజెస్ట్ వేరవుతుంది. పోయిన సీజన్ తూకం మీద ఎవరైనా తగాదా తెస్తే అప్పుడు నడిచిన ఇమేజే కావాలి. కాబట్టి మిల్లులకు వెళ్లిన ప్రతి ఇమేజ్‌కీ బ్యాకప్, ప్రతి కమిట్‌కీ కాదు.

కాపీ చేసే వరస ముఖ్యం. ముందు రిపాజిటరీస్, తర్వాత బ్లాబ్స్. తిరగేస్తే, రెండింటి మధ్య ఎవరైనా పుష్ చేసినప్పుడు లింక్ ఉండి సరుకు లేని బ్యాకప్ తయారవుతుంది. ఈ వరసలో మహా అయితే అక్కర్లేని బ్లాబ్స్ కొన్ని అదనంగా వస్తాయి. గార్బేజ్ కలెక్షన్ రోజు బ్యాకప్ దాని ముందే అయిపోవాలి. బ్యాకప్ బాగుందో లేదో చూడటానికి వేరే పరికరం అక్కర్లేదు, బ్లాబ్ ఫైల్ షా256 తీసి ఫోల్డర్ పేరుతో పోల్చితే చాలు.

నిఘా మూడింటి మీద: డిస్క్, సర్టిఫికెట్ గడువు, ప్రాణం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులది, రెన్యువల్ స్క్రిప్ట్ ఆగిపోతే మూడు నెలల లోపు మిల్లులన్నీ ఒకేరోజు మొరాయిస్తాయి. ప్రాణం చూసే స్క్రిప్ట్ లాగిన్ లేకుండా ‘వీ2’ చిరునామాని అడుగుతుంది. 401 (లాగిన్ కావాలి) వస్తే ఆరోగ్యం. 200 (లోపలికి రావచ్చు) వస్తే ఆందోళన పడాలి, ఎవరో తాళం తీసేశారన్నమాట. కొత్తగా చేరినవాళ్లు ఈ స్క్రిప్ట్ చూసి తలకిందులుగా రాశారనుకుని సరిచేయబోతారు, అందుకే పైన తెలుగులోనే ఒక కామెంట్ రాసి పెట్టాం.

ఇంకా కాని పనులు

ఇమేజ్‌ల మీద కోసైన్ అనే సాధనంతో డిజిటల్ సంతకాలు మొదలుపెట్టలేదు. మిల్లు పెట్టె సంతకం సరిచూసి మరీ నడిపితేనే దానికి విలువ, కంపోజ్‌లో అది దానంతట అదే రాదు, ముందు ఒక చిన్న స్క్రిప్ట్ రాయాలి. ట్రివీ స్కాన్ బిల్డ్‌లో పెట్టాం, కానీ అది చూపించే జాబితాలో ఏది పట్టించుకోవాలో తేల్చే మనిషిని కంపెనీ ఇంకా నియమించలేదు. చూసేవాళ్లు లేనప్పుడు స్కాన్ ఫెయిలైతే బిల్డ్ ఆపడం వద్దన్నాను, నాలుగు రోజుల్లో ఎవరో దాన్ని ఆఫ్ చేస్తారు.

అప్‌డేట్‌లు అన్ని మిల్లులకూ ఒకేసారి వెళ్లకుండా వరసలు కట్టాం. ముందు ఎనుమాములలో ఒక అడ్తీ దుకాణం, ఆఫీసు నుంచి బండి మీద త్వరగా చేరొచ్చు కాబట్టి. ఆ తర్వాత పరకాల, జమ్మికుంట. భూపాలపల్లి అన్నిటికన్నా చివర. పత్తి రాక అక్టోబర్‌లో మొదలవుతుంది కాబట్టి సెప్టెంబర్ చివరి వారం తర్వాత సీజన్ అయ్యే దాకా బగ్ ఫిక్స్‌లు తప్ప ఏదీ మిల్లులకు వెళ్లదని కాగితం మీద రాసి ఓనర్‌గారి సంతకం తీసుకున్నాను.